చెలి అన్న మాట

బస్తరు సీమ దక్షిణపు కొసన, సుక్మా జిల్లా కొంటా తాలూకాలో భేజ్జి అనే గ్రామం ఉన్నది. పటంలో అది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి చెందినది. చెవికి మాత్రం మూడు నాలుగు సీమలకు చెందినట్టు తోస్తుంది. ఇండ్లలో దోర్లా మాట, కచేరీలో హిందీ, సంతలో హల్బీ, మిరప కోతలకు భద్రాచలం, ఖమ్మం వైపు పోయి వచ్చినవారి నోట తెలుగు వినిపిస్తాయి. 2017 మార్చి 11వ తేదీన రోడ్డు పనికి కాపలాగా బయలుదేరిన కేంద్ర రిజర్వు పోలీసు దళం మీద మావోయిస్టులు దాడి చేసి 12 మందిని చంపినప్పుడు ఈ గ్రామం పేరు దేశపు పత్రికలన్నింటిలోనూ పడినది. అటువంటి వార్తలకే గాని మరి దేనికీ భేజ్జి పేరు పత్రికలకు ఎక్కదు. ఇక్కడ చెప్పబోయేది తుపాకుల సంగతి కాదు. ఆ ఊళ్లో ఒక పంతులమ్మ కొందరు స్త్రీలకు ఒక కథ చెప్పినది. చెప్పేటప్పుడు అందులో ఒక్క మాట మార్చినది. ఆ ఒక్క మాట వలన కథకు ఏమి జరిగినదో, వినేవారికి ఏమి జరిగినదో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పంతులమ్మది గోదావరి ఒడ్డున ఒక చిన్న పట్టణం. చిన్నతనంలో యద్దనపూడి సులోచనారాణి నవలలను అద్దె పుస్తకాల దుకాణం నుంచి తెచ్చి, రాత్రికి రాత్రి చదివి, తెల్లవారేసరికి తిరిగి ఇచ్చిన తరానికి చెందినది. కథ చెప్పడమన్నా వినడమన్నా ఆమెకు ఆకలి వంటిది. భేజ్జిలో వర్షాకాలపు రాత్రులు పొడుగు. కరెంటు ఉన్నంతసేపు ఉంటుంది, పోతే పోతుంది. ఆమె సంతకని కొంటా పోయినప్పుడు అక్కడ సిగ్నలు బాగా అందే చోట నిలబడి ఫోనులోనికి ఏవో సీరియళ్ల భాగాలు దింపుకొని వచ్చేది. 2024 వర్షాకాలంలో ఆమె గది అరుగు మీద సాయంకాలం ముగ్గురు స్త్రీలు చేరడం అలవాటయినది. ఒకామె ఊరి మితానిన్, నలభై దాటిన మనిషి. ఒకామె ఆరోగ్యకేంద్రపు నర్సమ్మ. మూడవ ఆమె అంగన్‌వాడీలో సహాయిక, ఇరవై రెండు ఇరవై మూడేండ్ల పిల్ల. ఫోను చిన్నది, బొమ్మ ఇంకా చిన్నది, మాట ఎవరికీ తెలియని భాష. కనుక పంతులమ్మ అడుగున వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకొంటూ తెలుగులో కథ చెప్పేది. మధ్య మధ్య తెలుగు అందకపోతే హిందీ కలిపేది.

ఆ సీరియలు థాయిలాండు దేశపుది. పేరు 'గ్యాప్'. చావ్ ప్లానోయ్ అనే కలంపేరుతో వ్రాసే రచయిత్రి నవల దానికి మూలం. థాయి భాషలో దాని పేరుకు గులాబీరంగు సిద్ధాంతమని అర్థం. 2022 నవంబరులో మొదలై 2023 ఫిబ్రవరి వరకు 12 భాగాలుగా అక్కడి మూడవ నంబరు ఛానలులోనూ, యూట్యూబులోనూ ప్రసారమయినది. ఇందులో నాయకుడు లేడు, నాయికలు ఇద్దరు. మోన్ అనే సామాన్య కుటుంబపు పిల్ల చిన్ననాటి నుంచి తాను మనసులో నిలుపుకొన్న సామ్ అనే ఆమె కార్యాలయంలో ఉద్యోగానికి చేరుతుంది. సామ్ రాజవంశపు శాఖకు చెందినది, వయస్సులో ఎనిమిదేండ్లు పెద్దది. ఆ వయస్సు ఎడమూ, ఆ అంతస్తు ఎడమూ కలిసి కథకు పేరయినవి. సామ్‌ను పెంచిన నాయనమ్మ ఒక మగవానితో ఆమెకు పెళ్లి నిశ్చయిస్తుంది. ఇద్దరు స్త్రీలూ విడిపోతారు, ఏడుస్తారు, చివరికి కలుస్తారు. స్త్రీకి స్త్రీ మీద కలిగే ప్రేమను ఇతివృత్తంగా గైకొన్న ఇటువంటి నవలలు ఆ దేశంలో ఇప్పుడు విరివిగా వస్తున్నవి. వచ్చినవి వచ్చినట్లు సీరియళ్లు అవుతున్నవి.

ఈ కథ భేజ్జి అరుగు దాకా ఎన్ని చేతులు మారి వచ్చినదో పాఠకులు ఊహింపవచ్చును. నవల నుంచి దృశ్యానికి, దృశ్యం నుంచి ఇంగ్లీషు ఉపశీర్షికకు, ఉపశీర్షిక నుంచి పంతులమ్మ నోటికి. ప్రతి మజిలీలోనూ కొంత సరుకు దిగినది, కొంత ఎక్కినది. సామ్ పేరుకు ముందు 'మామ్ లువాంగ్' అనే బిరుదు ఒకటి ఉన్నది. రాజవంశంలో అది కడపటి మెట్టు. ఇంగ్లీషు చదివేవారికి అది ఉత్త శబ్దం. పంతులమ్మ దానిని 'దొరగారి మనుమరాలు' అన్నది. విన్నవారికి వెంటనే అర్థమయినది. మోన్ ఆమెను పిలిచే 'ఖున్' అన్న మాటను 'గారు' చేసినది. ఇంగ్లీషులో దొరకని మర్యాద తెలుగులో సులువుగా దొరికినది. అయితే తెలుగు ఒక చిక్కు కూడా తెచ్చినది. ఇంగ్లీషు ఉపశీర్షికలో ఆ ఇద్దరూ ఒకరినొకరు పిలుచుకొనేది ఒకే మాటతో. తెలుగులో చెప్పేవారు మాత్రం, మోన్ నోట 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అవుతుందో తామే నిర్ణయింపవలెను. ప్రేమకథలో ఆ క్షణమే ముఖ్యమయిన క్షణం. పంతులమ్మ చివరి దాకా 'మీరు' అనే చెప్పినది. అది మర్యాద అనుకొన్నది. కొంత వరకు అది జంకు.

రెండవ సాయంకాలమే మితానిన్ అడిగినది: "వీళ్లిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు పంతులమ్మా?"

మన పల్లెలలో ఏ ఇద్దరు మనుషులను చూచినా మొదట అడిగే ప్రశ్న ఇదే. ఏమవుతారు? అక్కచెల్లెండ్లా, వదినామరదండ్లా, తోడికోడండ్లా? ప్రతి జంటకూ ఒక వరుస ఉండవలెను; ఆ వరుసకు ఒక పేరు ఉండవలెను. పంతులమ్మ ఒక్క క్షణం ఆగి, ఎదురుగా కూర్చున్న ఆమెను చూచి, "నువ్వు మితానిన్‌వి గదా, వాళ్లూ అంతే అనుకో" అన్నది. అందరూ నవ్వినారు. కథ సాగినది.

ఆ మాట సంగతి కొంత చెప్పవలసి ఉన్నది. ఛత్తీస్‌గఢ్ మైదాన ప్రాంతంలో మితాన్ బదనా అనే ఆచారం ఉన్నది. రక్తసంబంధం లేని ఇద్దరు, మగవారయితే మగవారు, ఆడవారయితే ఆడవారు, పెద్దల ఎదుట, దైవం ఎదుట జీవితాంతపు స్నేహానికి కట్టుబడతారు. ఆడవారిలో అట్టి స్నేహితురాలు మితానిన్. ఈ కట్టుకు మహాప్రసాద్, గంగాజల్, భోజలీ, జవారా అని అనేక రూపాలున్నవి. ఒకసారి కట్టు పడిన తరువాత ఒకరి పేరు ఒకరు ఉచ్చరింపరు. ఆ బంధం పేరుతోనే పిలుచుకొంటారు. ఒకరి ఇంటివారు మరొకరికి బంధువులవుతారు. 2002లో ఆ రాష్ట్రం ఊరూరా స్త్రీ ఆరోగ్య కార్యకర్తలను ఏర్పరచినప్పుడు ఈ మాటనే తీసి వారికి పేరు పెట్టినది. జ్వరానికి మాత్ర ఇచ్చే ఆమె, బాలింతను చూచే ఆమె మితానిన్ అయినది. మాట ప్రభుత్వపు చేతిలో పడి ఉద్యోగమయినది. భేజ్జి వంటి దక్షిణపు కొసకు ఆ మాట ఆ ఉద్యోగంతోనే వచ్చినది. తరువాత దాని పూర్వార్థం కూడా నలుగురికీ తెలిసినది. ఒక మాట ఒక చోటి నుంచి మరొక చోటికి పోతే ఇట్లా కొత్త బట్ట కట్టుకొని నిలబడుతుంది. అందుకు ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. నొచ్చుకోవలసినది వేరొక మార్పునకు.

నవలను తెరకు ఎక్కించడం కూడా అనువాదమే. తెలుగు పాఠకులకు ఇది కొత్త కాదు. శరత్‌బాబు దేవదాసును అనువాదంలో చదివినవారికి పార్వతి ముఖం ఎవరి మనసులో వారికి వేరుగా ఉండేది; 1953లో చలనచిత్రం వచ్చిన పిదప పార్వతి ముఖం సావిత్రి ముఖం ఒక్కటే అయినది. 'మీనా' నవల రెండు భాగాలుగా సాగిన కథ. 1973లో విజయనిర్మల దానిని చిత్రంగా తీసినప్పుడు అది మూడు గంటల పనిలో ఇమడవలసి వచ్చినది. 2016లో 'అ ఆ' పేరుతో మరల కొత్త పల్లెలో, కొత్త హాస్యంతో తెరకెక్కినది. మన వాఙ్మయమే అనువాదంతో ఆరంభమయినది గనుక, మార్చడమే పాపమని అనే అధికారం మనకు లేదు. నన్నయ మార్చినాడు, తిక్కన మార్చినాడు. శ్రీనాథుని నైషధం చూచి, మీ డుమువులు మీరు తీసుకొని మా నైషధం మాకు ఇమ్మని సంస్కృత పండితులు హాస్యమాడినారని లోకం చెప్పుకొనే కథ కూడా ఉన్నది. కనుక ప్రశ్న మార్చినారా లేదా అన్నది కాదు. మార్చినప్పుడు కథలోని కారణం నిలిచినదా, కూలినదా అన్నదే ప్రశ్న.

స్త్రీల పరస్పర ప్రేమను గురించిన నవలలు తెరకెక్కినప్పుడు మొదట పోయేది లోపలి గొంతు. ఇంగ్లీషు రచయిత్రి జెనెట్ వింటర్సన్ 1985లో ప్రకటించిన 'ఆరెంజెస్ ఆర్ నాట్ ది ఓన్లీ ఫ్రూట్' నవలలో నాయిక పేరు కూడా జెనెట్. అధ్యాయాలకు బైబిలు పాత నిబంధనలోని మొదటి ఎనిమిది గ్రంథాల పేర్లు. నడుమ నడుమ మాయాకథలు. మతమే ప్రాణంగా బ్రతికే తల్లి ఇంట పెరిగిన పిల్ల ఇంకొక పిల్లను ప్రేమించినప్పుడు, బయటికి చెప్పుకోలేనిది ఆ మాయాకథలలో చెప్పుకొంటుంది. 1990లో బి.బి.సి. దానిని మూడు భాగాల టెలివిజను నాటకంగా చేసినది. తెరకు వ్రాసినది వింటర్సనే. ఆమెయే మాయాకథలను తీసివేసినది. నాయిక పేరు జెస్ అని మార్చినది. తన పుస్తకానికి తానే అనువాదకురాలు అయినప్పుడు కూడా ఇంత కోత తప్పలేదు. కాని ఆమె ప్రేమను స్నేహమని అనలేదు. తల్లి కోపానికి కారణమేమిటో తెరమీద కూడా అదే. అందువలన ఎంత పోయినా కథ బ్రతికినది.

సారా వాటర్స్ 2002లో వ్రాసిన 'ఫింగర్‌స్మిత్' ఇంకొక విధమయిన ఉదాహరణ. ఆ నవలను ఇద్దరు స్త్రీలు వంతులవారీగా చెప్పుతారు. మొదటి ఆమె చెప్పినదంతా నమ్మి పాఠకుడు ఒక మలుపు దగ్గరికి వచ్చి నిలబడగా, రెండవ ఆమె అదే కథను తన వైపు నుంచి చెప్పి అంతా తలక్రిందులు చేస్తుంది. పుటలో 'నేను' అన్న మాట వెనుక దాగుకోవచ్చును. తెరమీద ఇద్దరి ముఖాలూ ఒక్కసారే కనబడతవి. 2005లో బి.బి.సి. దానిని సీరియలుగా తీసినది. 2016లో కొరియా దర్శకుడు పార్క్ చాన్-వూక్ అదే కథను విక్టోరియా కాలపు ఇంగ్లండు నుంచి జపాను ఏలుబడిలోని కొరియాకు తరలించి, చివరి భాగాన్ని చాలా వరకు తానే కల్పించుకొని చలనచిత్రం చేసినాడు. దేశం మారినది, కాలం మారినది, ముగింపు మారినది. అయినా ఆ ఇద్దరు స్త్రీలు ఒకరినొకరు ఎందుకు మోసగించుకొన్నారో, ఎందుకు మోసగించలేకపోయినారో అది మారలేదు. దూరం పోయిన అనువాదం కూడా మూలానికి దగ్గరగా ఉండగలదనడానికి ఇది నిదర్శనం.

థాయి సీరియళ్ల విషయం వేరు. అక్కడ నవల మీద పడేది ముఖ్యంగా వాణిజ్యపు చేయి. నాయిక మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక పానీయపు సీసా లేబులు కెమెరాకు తిప్పి పట్టుకొంటుంది; ముఖానికి ఏదో లేపనం రాచుకొని దాని గుణం చెప్పుతుంది. వారం వారం చూచేవారిని నిలుపుకోవలె గనుక ప్రతి భాగం చివర ఒక చిక్కు. పుటలో నాలుగు వాక్యాల ఆలోచన తెరమీద ఒక చూపు, ఒక పాట, నిదానంగా తిరిగే కెమెరా. నటీమణులు ఇద్దరూ కథ ముగిసిన తరువాత కూడా జంటగానే సభలకు వస్తారు, జంటగానే ప్రకటనలలో కనబడతారు. ఫ్రీన్, బెక్కీ అన్న పేర్లు మోన్, సామ్ అన్న పేర్ల కంటె పెద్దవయినవి. ఇది నష్టమే. అయితే లాభం కూడా చెప్పక తప్పదు. ఆ సీరియలు చివరి భాగంలో ఆ ఇద్దరు స్త్రీలకూ పెండ్లి జరుగుతుంది. అది ప్రసారమయిన 2023 ఫిబ్రవరి నాటికి ఆ దేశంలో అట్టి వివాహానికి చట్టం లేదు. చట్టం అమలులోనికి వచ్చినది 2025 జనవరి 23న. అంటే దాదాపు రెండేండ్ల ముందే ఇండ్లలోని జనం ఆ పెండ్లిని కండ్లారా చూచినారు. అవ్వలు, అమ్మలు, అత్తలు చూచినారు. నవల ఒంటరిగా చదువుకొనే వస్తువు. సీరియలు ఇంటిల్లిపాదీ చూచేది. తెర చేసిన ఉపకారం అది.

మన దేశంలో జరిగిన మార్పులు ఇంకొక తీరువి. 1942లో ఇస్మత్ చుగ్తాయ్ 'లిహాఫ్' అనే ఉర్దూ కథ వ్రాసినది. భర్త ఆదరణ లేని బేగం, ఆమె దాసి, ఒక దుప్పటి, గోడమీద ఏనుగు వలె కదిలే నీడ: అంతా ఒక చిన్నపిల్ల చూచినట్టు, చూచినది అర్థం కానట్టు చెప్పుతుంది. అశ్లీలమని లాహోరు న్యాయస్థానంలో అభియోగం వచ్చినది. అశ్లీలమయిన మాట ఇదీ అని ఎవరూ చూపలేకపోయినారు, అభియోగం నిలువలేదు. ఆ పిల్ల తెలియనితనమే కథకు కవచం. 2019లో అదే పేరుతో హిందీ చిత్రం వచ్చినప్పుడు రచయిత్రినీ, న్యాయవిచారణనూ కూడా తెరమీదికి తేవలసి వచ్చినది. కెమెరాకు చిన్నపిల్ల అమాయకత్వం లేదు. అది చూచినది చూచినట్టు చూపుతుంది.

దీపా మెహతా 1996లో తీసిన 'ఫైర్' చిత్రంలో ఒక ఇంటి తోడికోడండ్లు ఇద్దరు, రాధ, సీత. ఇంగ్లీషులో తీసిన ఆ చిత్రం 1998లో హిందీలో విడుదల అయినప్పుడు సీత పేరు నీత అయినది. కథ అదే, నటీమణి అదే, కన్నీరు అదే. పేరు మాత్రం మారినది. అయినా ఆ సంవత్సరం డిసెంబరులో బొంబాయిలోనూ ఢిల్లీలోనూ ప్రదర్శనశాలల మీద దాడులు జరుగనే జరిగినవి. హిందీ, తెలుగు రెండూ తెలిసినవారు ఈ సంగతి గురించి కొంచెం ఆలోచింపవలె. భర్త కోసం అగ్నిలో దూకిన ఆమె పేరు పెట్టుకొన్న స్త్రీ తన దారి తాను వెదుకుకొన్నది అన్నదే ఆ చిత్రపు పేరుకు అర్థం. సీత నీత కాగానే అగ్ని వట్టి మంట అయినది. ఒక్క అక్షరం మార్పుతో కారణం పోయినది. కోపం మాత్రం మిగిలినది.

భేజ్జి అరుగు మీద జరిగినది కూడా ఇదే. ఎనిమిదవ సాయంకాలమో తొమ్మిదవ సాయంకాలమో, కథలో నాయనమ్మ పెళ్లి నిశ్చయించినది, మోన్ ఏడ్చినది. ఆ రోజు అంగన్‌వాడీ పిల్ల చాలాసేపు మాట్లాడక కూర్చొని అడిగినది: "అక్కా, ఒక మాట. మితానిన్‌కి పెళ్లి కుదిరితే రెండో మితానిన్ పోయి పసుపు పూస్తది, పాట పాడతది. ఈ పిల్ల ఇంత ఏడుపు ఎందుకు ఏడుస్తది?"

నర్సమ్మ "ఇంకెక్కడికో పోతది గదా, అందుకు" అన్నది. మితానిన్ "డబ్బున్నోళ్ల ఏడుపు, మనకేం తెలుస్తది" అని తేల్చివేసినది. పిల్ల ఒప్పుకోలేదు. "ఏడుపు అట్ల లేదు" అన్నది. పంతులమ్మ "సరిగా చదవలేదు, మళ్లీ చూసి చెప్తా" అని ఫోను మూసినది. అది అబద్ధమని ఆమెకు తెలుసు. ఆ పిల్లకు కూడా తెలిసినట్టే ఉన్నది.

ఆ రాత్రి పంతులమ్మకు నిద్ర రాలేదు. ఆమె భయానికి ఆధారం లేకపోలేదు. ఆమె పై ఊరి మనిషి, ఒంటరి ఉద్యోగిని. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న అట్టి ప్రేమ నేరం కాదని తీర్పు చెప్పినది. 2023 అక్టోబరు 17న అట్టివారికి వివాహపు హక్కును మాత్రం తాము ఇయ్యలేమన్నది. ఈ రెండు తీర్పుల నడుమ ఉన్న స్థలమంతా ఊరి పెద్దలది, ఇంటి పెద్దలది. పంతులమ్మ ఆడపిల్లలకు ఏవో కథలు చెప్పుతున్నదట అని ఒక్క మాట బయలుదేరితే అది బడికి పోయే పిల్లల మీదికి కూడా వస్తుంది. మితానిన్ అన్న మాట వేసుకొంటే ఎవరికీ బాధ లేదు, తనకూ బాధ లేదు. కాని ఆ మాట వేసిన తరువాత మోన్ కన్నీటికి కారణం లేకపోయినది. కారణం లేని ఏడుపు చూచేవారికి వెర్రిగా కనబడుతుంది. ఆ పిల్ల అడుగుతున్నది ఆ వెర్రిని గురించే. అది వెర్రి కాదని చెప్పవలసినవారు తనకంటె వేరెవరూ ఆ అరుగు మీద లేరు.

ఇక్కడ తెలుగు మాటను గురించి ఒక ముచ్చట. మన కావ్యాలలో 'చెలి' అంటే స్నేహితురాలు. 'చెలి' అంటే ప్రియురాలు కూడా. నాయిక విరహం చెప్పుకొనేది చెలితో. నాయకుడు విరహంతో పిలిచేది చెలినే. ఒకే మాట రెండు గదుల నడుమ తలుపు వలె అటూ ఇటూ తెరుచుకొంటుంది. మన పూర్వులు ఆ తలుపునకు గడియ పెట్టలేదు. పంతులమ్మ ఆ మాటను వాడి ఉండవచ్చును. వాడి ఉంటే అబద్ధమూ కాదు, పచ్చి నిజమూ కాదు; వినేవారు తమకు కావలసిన గదిలోనికి పోయేవారు. ఆమెకు ఆ మాట ఆ రాత్రి గుర్తుకు వచ్చినది. వచ్చినా వద్దనుకొన్నది. రెండర్థాల మాట కవికి అలంకారం. తేటగా అడిగినవారికి అది జవాబు కాదు. మితానిన్ బంధాన్ని ప్రేమ అనడం కూడా న్యాయం కాదు. దానికి దాని గౌరవం ఉన్నది, దాని కట్టుబాటు ఉన్నది. ఒక బంధం పేరు ఇంకొక బంధానికి పెట్టితే రెండింటికీ అన్యాయమే.

నాలుగు రోజులు వాన. అయిదవనాడు ముగ్గురూ వచ్చినారు. పంతులమ్మ ఫోను తెరవకముందే అన్నది: "నేను మొదట్లో ఒక మాట మార్చి చెప్పిన. వాళ్లిద్దరూ మితానిన్‌లు కారు. ఒకరినొకరు పెళ్లి చేసుకోవాలనుకున్న వాళ్లు. ఆ ఏడుపు అందుకు."

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. నర్సమ్మ చీరకొంగు సర్దుకొన్నది. మితానిన్ పొగాకు ఉమ్మి వచ్చి కూర్చొని, పంతులమ్మ ఊహింపని ప్రశ్న అడిగినది: "మరి ముసలమ్మ ఒప్పుకున్నదా?"

"ఒప్పుకున్నది."

"ఎన్నాళ్లకు?"

"పన్నెండో భాగంలో."

మితానిన్ నవ్వినది. "అబ్బో, మా అత్త నయం. మూడేళ్లు పట్టింది, ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు" అన్నది. నర్సమ్మ కూడా నవ్వినది. భయపడినంత జరుగలేదు. ఇది ఆ ఊరు అన్నింటికీ సిద్ధంగా ఉన్నదని చెప్పడానికి కాదు. ఆ ముగ్గురు ఆ సాయంకాలం కథను కథగా విన్నారని చెప్పడానికి మాత్రమే. తరువాత మూడు రోజులు నర్సమ్మ రాలేదు. పని ఉన్నదని చెప్పి పంపినది. పని ఉండవచ్చును, లేకపోవచ్చును.

అంగన్‌వాడీ పిల్ల మాత్రం ఆ రాత్రి అందరూ లేచిన తరువాత ఆగినది. గుమ్మం పట్టుకొని నిలబడి, "అక్కా, ఇది టీవీ వాళ్లు చేసింది గదా. మొదలు పుస్తకంలో కూడా ముసలమ్మ ఒప్పుకుంటదా?" అని అడిగినది.

మూలగ్రంథానికీ దాని తెరరూపానికీ ఉన్న సంబంధాన్ని గురించి విద్వాంసులు ఎన్ని గ్రంథాలు వ్రాసినా ఇంతకు మించిన ప్రశ్న వేయలేరు. సీరియలు వారు జనాన్ని సంతోషపెట్టడానికి అతికించిన ముగింపా, లేక ఆ కథ వ్రాసిన ఆమె నిజంగా అట్లా నమ్మి వ్రాసినదా? సరదాకు చూచేవారికి ఈ భేదంతో పని లేదు. ఆ ముగింపు మీద తన బ్రతుకు బరువు కొంత మోపదలచినవారికి మాత్రం భేదమంతా అక్కడే ఉన్నది. అందుకే మూలం కావలెనంటారు. అందుకే అనువాదకులు మూలానికి జవాబుదారులు. ఆ పిల్ల ఎందుకు అడిగినదో పంతులమ్మ అడుగలేదు. అడుగకపోవడం ఆమె చేసిన మంచిపని.

"నేను చదవలేదు. చదివి చెప్తా" అన్నది. ఈసారి అది అబద్ధం కాదు.

తరువాతి సంతనాడు కొంటాలో నిలబడి ఆమె ఆ నవల ఇంగ్లీషు అనువాదాన్ని డబ్బు కట్టి ఫోనులోనికి తెప్పించుకొన్నది. బడిపిల్లల నోటుపుస్తకం ఒకటి తీసుకొని, రోజుకు రెండు పుటల చొప్పున తెలుగు చేయడం మొదలుపెట్టినది. చదివి నోటితో చెప్పితే మరల ఎక్కడ జంకి మాట మార్చుతానో అని ఆమెకు అనుమానం. కాగితం మీద పెట్టితే మార్చినది కంటికి కనబడుతుంది. సాయంకాలం వ్రాసినంత మేర చదివేది. మితానిన్ వచ్చేది, అంగన్‌వాడీ పిల్ల వచ్చేది; ఒక వారం తరువాత నర్సమ్మ కూడా వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నది. పుస్తకంలో దృశ్యాల వేగం లేదు, పాటలు లేవు, సీసాల లేబుళ్లు లేవు. "ఇది నిదానంగా ఉంది" అని మితానిన్ విసుగుకొన్నది. "నిదానంగానే బాగుంది" అని పిల్ల అన్నది.

మోన్ మొదటిసారి సామ్‌తో మాట్లాడే చోటికి వచ్చేసరికి పంతులమ్మ కలం ఆగినది. 'మీరు' అని వ్రాసినది. అది సరియే, అక్కడ ఇంకా 'మీరే'. కాని ముందు ఎక్కడో ఒక పుటలో ఆ మాట మార్చవలసి వస్తుందని ఆమెకు తెలుసు. ఆ పుట రాగానే జంకరాదని అనుకొని, నోటుపుస్తకం అట్ట లోపలి వైపున పెన్సిలుతో ఒక చిన్న గుర్తు పెట్టుకొన్నది.